మెయిన్‌ఫ్రేమ్‌లోకి లినక్స్ వస్తే మన కోబాల్ ఏమవుతుంది?

ప్రశ్న: బ్యాంకింగ్ ప్రాజెక్టులో పదకొండేళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులు వాడే పెద్ద కంప్యూటర్) మీద కోబాల్ ప్రోగ్రాములు, వాటిని నడిపించే జేసీఎల్ రాస్తున్నాను. ఇప్పుడు మా క్లయింటు అదే మెషీన్ మీద లినక్స్ పెడుతున్నారు. ఇన్నాళ్లూ దాని మీదున్న ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌ను తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. మొన్న లినక్స్ వైపు పంపిన ఫైల్లో కస్టమర్ల పేర్లు సరిగ్గానే వచ్చాయి, బ్యాలెన్సులు మాత్రం చెడిపోయాయి. ఎందుకు? ఇంట్లో లాప్‌టాప్ మీద ప్రాక్టీస్ చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లినక్స్ వచ్చినంత మాత్రాన జెడ్/ఓఎస్ పోతున్నట్టు కాదండీ. మెయిన్‌ఫ్రేమ్‌ను ఎల్‌పార్‌లు అనే భాగాలుగా విడగొట్టి ఒక్కోదాంట్లో ఒక్కో ఓఎస్ నడపడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఐబీఎం తన మెయిన్‌ఫ్రేమ్ కోసం లినక్స్ కోడ్‌ను 1999 డిసెంబరులోనే బయటపెట్టింది. లినక్స్ కోసం ఐఎఫ్ఎల్ అనే ప్రాసెసర్లు వేరుగా తీసుకుంటారు. వాటి మీద జెడ్/ఓఎస్ నడవదు, అందుకే వాటి వల్ల జెడ్/ఓఎస్ సాఫ్ట్‌వేర్ బిల్లూ పెరగదు. డేటా ఉన్న మెషీన్లోనే వెబ్, జావా అప్లికేషన్లు ఉంటే రెండు వైపులా హైపర్‌సాకెట్స్ అనే లోపలి నెట్‌వర్క్ ద్వారా, మధ్యలో కేబుల్ లేకుండా, మెమరీలోనే మాట్లాడుకుంటాయి. చాలాచోట్ల లినక్స్ పెట్టేది ఇందుకే.

ఇక బ్యాలెన్సుల సంగతి. మీ ఉద్యోగానికి అసలు విలువ ఇక్కడే ఉంది. జెడ్/ఓఎస్‌లో అక్షరాలు ఎబ్సిడిక్ అనే కోడ్‌లో ఉంటాయి. 'ఎ' అనే ఇంగ్లిష్ పెద్దక్షరం అక్కడ హెక్స్‌లో సి1, లినక్స్ వైపు ఆస్కీ అనే మరో కోడ్‌లో 41. టెక్స్ట్ మోడ్‌లో పంపితే ప్రతి బైటునూ అక్షరమే అనుకుని మార్చేస్తారు. పేర్లకు అది సరిపోతుంది. బ్యాలెన్స్ మాత్రం కాంప్-3, అంటే బైటుకు రెండేసి అంకెలు కుదించి పెట్టే ప్యాక్డ్ డెసిమల్. 12345 అనే సంఖ్య మూడు బైట్లలో 12 34 5సి అని కూర్చుంటుంది. చివరి సి ప్లస్ గుర్తు, మైనస్ అయితే డి. ఎబ్సిడిక్‌లో 5సి అంటే నక్షత్రం గుర్తు కూడా. కాబట్టి ట్రాన్స్‌ఫర్ దాన్ని ఆస్కీ నక్షత్రంగా, 2ఎగా మార్చేస్తుంది. మీ 5 కాస్తా 2 అయిపోయింది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు, అదే భయం.

జెడ్/ఓఎస్ వైపు డీఎఫ్‌సార్ట్ అనే సార్టింగ్ టూల్‌లో అవుట్‌రెక్ ఆదేశంతో ప్యాక్డ్ ఫీల్డును మామూలు అంకెలుగా మార్చి, మైనస్ గుర్తు కనిపించేలా ఎడిట్ చేసి, ఆ తర్వాతే టెక్స్ట్ మోడ్‌లో పంపండి. నేనైతే ఇదే చేస్తాను. లేదంటే ఫైలు మొత్తం బైనరీలో పంపి, అవతల కాపీబుక్ (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడ, ఎలా ఉందో చెప్పే కోబాల్ వివరణ) దగ్గర పెట్టుకుని ఫీల్డు ఫీల్డుగా విప్పాలి. మామూలు కాంప్ (బైనరీ సంఖ్యల) ఫీల్డులుంటే ఇంకో సంగతి గమనించండి. మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌లో బైట్ల వరస జెడ్/ఓఎస్‌లో ఉన్నట్టే ఉంటుంది, ఇంటెల్ సర్వర్ మీద మాత్రం తిరగబడుతుంది. కాపీబుక్ చదవడం, గుర్తు ఎక్కడుందో చెప్పడం కొత్తగా వచ్చిన లినక్స్ టీమ్‌కు తెలియవు. వాళ్లకు మీరు కావాలి.

లైసెన్స్ లేకుండా లాప్‌టాప్‌లో జెడ్/ఓఎస్ పెట్టుకోకూడదు. ఉబుంటు లినక్స్‌లో హెర్క్యులిస్ ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్‌లా పనిచేసే ప్రోగ్రామ్) వేసుకుని, దాని మీద జెడ్/ఓఎస్‌కు పూర్వీకుడైన పాత ఎంవీఎస్ 3.8జె నడపండి. ఎక్స్3270 అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌తో లాగిన్ అయితే మీకు అలవాటైన పచ్చ తెరే వస్తుంది. జేసీఎల్, టీఎస్ఓ (కమాండ్లు ఇచ్చే చోటు) అన్నీ ఉంటాయి, కోబాల్ మాత్రం బాగా పాతది. అక్కడ ఒక ప్యాక్డ్ ఫీల్డున్న రికార్డు తయారుచేసి, ఒకసారి బైనరీలో, ఒకసారి టెక్స్ట్‌లో ఉబుంటుకు తెచ్చుకుని, రెండింటినీ బైట్లను హెక్స్‌లో చూపే ఎక్స్ఎక్స్‌డీ కమాండ్‌తో తెరవండి. 5సి ఒకదాంట్లో అలాగే ఉండి, రెండో దాంట్లో 2ఎగా కనిపిస్తుంది.