రైన్ లోయకి ఒక్క రోజు చాలదు

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. రైన్ నది ఒడ్డున కోటలు, పాతకాలపు ఊళ్లు చూడాలని కోరిక. వాడికి సెలవు లేదు. "ఒక్క రోజులో పడవ మీద చుట్టేసి రండి" అంటున్నాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరం శాకాహారులం. మేమిద్దరమే వెళ్లి రాగలమా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిక్షేపంగా వెళ్లి రావచ్చు. ఒక్క రోజులో మాత్రం వద్దండీ. పొద్దున లాంచీ ఎక్కి సాయంత్రం దిగిపోతే పాపికొండల్లో ఏం చూసినట్టో మీకు నేను చెప్పాలా? కొండలు గుర్తుంటాయి, ఒడ్డున ఊళ్లు గుర్తుండవు. రైన్ దగ్గర అసలు సరుకంతా ఆ ఊళ్లలోనే ఉంది.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. మా అమ్మాయి మైన్జ్‌లో చదివే రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్‌కి హైస్పీడ్ రైలెక్కాను. కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని, ఇదిగో రైన్, అదిగో రైన్ అని ఒకటే ఎదురుచూపు. వచ్చినవేమో సొరంగాలు, పక్కన హైవే! 2002లో మొదలైన ఆ లైను లోయలోకి దిగకుండా కొండల మీదుగా పోతుందట. దిగాక చెప్పి మా అమ్మాయి ఒకటే నవ్వు. అందుకని మీరు మైన్జ్ నుంచి కోబ్లెన్జ్ వెళ్లే ప్యాసింజరు ఎక్కండి. కుడివైపు కూర్చోండి, నది అటే ఉంటుంది.

బింగెన్ నుంచి కోబ్లెన్జ్ దాకా 65 కిలోమీటర్ల ముక్కని యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదంతా చూడాలని పంతం పెట్టుకోకండి. బాఖరాఖ్ అనే చిన్న ఊళ్లో రెండు రాత్రులు ఉండండి. కర్ర దూలాల చట్రంలో మట్టి నింపి సున్నం కొట్టిన ఇళ్లు, వాటి వెనక నిటారు కొండ మీద ద్రాక్షతోటలు. మీరు వెళ్లేసరికి కోతలు కూడా మొదలవుతాయి. నడవాల్సిన వీధులు పెద్ద ఎత్తుపల్లాలు లేనివే గానీ రాళ్లు పరిచి ఉంటాయి, బూట్లు మంచివి వేసుకోండి. పైనున్న ష్టాలెక్ కోట ఇప్పుడు యూత్ హాస్టల్. నేను పౌరుషంగా మెట్లెక్కాను, దిగేటప్పుడు మోకాళ్లు కన్నీళ్లు పెట్టించాయి. మీ ఆవిడని కిందే కూర్చోబెట్టి మీరు వెళ్లి రండి.

గది తీసుకునేటప్పుడు "నది కనబడే గది" అంటే ఆశపడకండి. ఊరికీ నదికీ మధ్యనే రైలు పట్టాలు. అవతలి ఒడ్డునా ఇంకో లైను. రాత్రంతా గూడ్సు బళ్లే. ఎక్కువ డబ్బులిచ్చి మరీ జాగరణ చేశాం మేము. వెనకవైపు గది అడగండి.

రెండోరోజు అక్కణ్ణుంచి సాంక్ట్ గోవార్ దాకా పడవ, ముప్పావు గంట. దారిలో కౌబ్ దగ్గర నది మధ్యలో ఓడలా ఒక కోట కనిపిస్తుంది. 1327 నాటికే అక్కడ కట్టడం మొదలైంది. కోటంటే యుద్ధాలు అనుకుంటాం గానీ, అది వచ్చీపోయే పడవల దగ్గర సుంకం గుంజడానికి కట్టిన టోల్‌గేటు! 2018లో నీళ్లు బాగా తగ్గిపోయి జనం దాని దగ్గరికి నడిచి వెళ్లారు. తర్వాత వచ్చే లోరెలై గురించి చాలా హడావుడి చేస్తారు. 132 మీటర్ల బండ, దాని మీద కూర్చుని పాటతో పడవవాళ్లని ముంచేసిన ఒక అమ్మాయి కథ. నాకైతే కథే బాగుంది. పడవలోంచి చూస్తే చాలు, పైకెక్కక్కర్లేదు.

మైన్జ్ దాటాక కోబ్లెన్జ్ దాకా నది మీద వంతెనే లేదు. అవతలికి వెళ్లాలంటే మన గోదావరి పంటులాంటిదే, కార్లతో సహా ఎక్కించుకుంటుంది. సరదాకైనా ఒకసారి ఎక్కండి. తిరుగు రైల్లో ఓబర్‌వేజల్‌లో దిగితే పాత ప్రాకారం, 16 బురుజులు ఇంకా నిలిచే ఉన్నాయి. నాకు కోటలన్నిటికంటే అదే నచ్చింది.

తిండికి టెన్షన్ వద్దు. ఆలుగడ్డ తురుముతో చేసే అట్లు దొరుకుతాయి. ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి రొట్టె మీద మాత్రం మామూలుగా పంది మాంసం ముక్కలు వేస్తారు. "ఓనే ష్పెక్" అనండి, వేయకుండా ఇస్తారు. ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి పళ్లూ పాలూ శనివారమే కొనుక్కోండి. పులిహోర కలుపుకుని వెళ్తే ఇంకా మంచిది. మేము ఒడ్డున బెంచీ మీద డబ్బా విప్పి తింటుంటే పక్కనున్న జర్మన్ పెద్దావిడ ఆ పసుపు అన్నం ఏమిటని అడిగి, రెండు ముద్దలు పెట్టించుకుంది.