ఇంట్లో ట్రైలర్ చేసుకోవచ్చు, ముందు ఇరుసు ఎక్కడో తేల్చుకోండి

డాలస్ దగ్గర ఉంటున్నాం, చిన్న పికప్ ట్రక్కు ఉంది, తోటకి మట్టి, కలప, గడ్డి కోసే మిషను తోలుకోడానికి ట్రక్కు వెనక తగిలించి లాగే 5 బై 8 అడుగుల ట్రైలర్ గ్యారేజీలోనే చేసుకోవచ్చా, కొనడం కంటే చవకగా అయిపోతుందా అని అడిగారు. చేసుకోవచ్చు. చవక మాత్రం అవ్వదు. నేను నాలుగేళ్ల కిందట చేశాను. స్టీలు, యాక్సిల్ (ఇరుసు) కిట్టు, చక్రాలు, కప్లర్ (ట్రక్కుకి తగిలించే ట్రైలర్ ముక్కు), లైట్లు, చెక్కలు, రంగు అన్నీ కలిపి 1,300 డాలర్లు దాటింది. వెల్డింగ్ మిషను అప్పటికే నా దగ్గర ఉంది కాబట్టి అంతలో సరిపోయింది. నాలుగు వారాంతాల్లో అయిపోతుందనుకున్నది పదకొండు పట్టింది. ఆ డబ్బుకి అప్పట్లో కొత్త ట్రైలరే దొరికేది. డబ్బు మిగుల్చుకోవడమే మీ ఉద్దేశమైతే వెళ్లి కొనేసుకోండి.

మరి నేనెందుకు చేశానంటే, నాకు నచ్చింది దొరకలేదు. చవక ట్రైలర్లకి వాడే యాంగ్లర్ (L ఆకారపు ఇనుప బద్ద) మరీ పల్చన. పైగా కొన్నింటికి లోపలి వెడల్పు కచ్చితంగా నాలుగడుగులే ఇస్తారు. నాలుగడుగుల ప్లైవుడ్ షీటు నాలుగడుగుల సందులో ఎక్కడ పడుతుంది? కొంచెం తడిసి ఉబ్బినా, అంచు కాస్త చెదిరినా ఇరుక్కుపోతుంది. అందుకే వెడల్పు అయిదడుగులు పెట్టుకోండి, ఆ విషయంలో మీ ఆలోచన సరైనదే.

ఇక అసలు సంగతి. అందరూ ఫ్రేముతో మొదలుపెడతారు. రెండంగుళాల యాంగ్లర్ చాలా, ట్యూబు వాడాలా, ఏ రాడ్డుతో వెల్డింగ్ చెయ్యాలి, ఇవే అడుగుతారు. నన్నడిగితే ఇవన్నీ తర్వాతి సంగతులు. ట్రైలర్ బతికేదీ చచ్చేదీ ఇరుసు ఎక్కడ పెట్టారన్న దాని మీద. ఈ మాట నేను రోడ్డు మీద నేర్చుకున్నాను.

నెట్‌లో దొరికిన ఒక బొమ్మ చూసి చేశాను. అందులో ఇరుసు సరిగ్గా మధ్యలో ఉంది. చూడ్డానికి అందంగా, న్యాయంగా అనిపించింది. ఎనిమిదడుగుల ట్రైలర్, ముందు నుంచి 48 అంగుళాల దగ్గర కమాను కట్టల బ్రాకెట్లు వెల్డింగ్ చేసేశాను. రంగేశాను, లైట్లు పెట్టాను, ఖాళీ బండిని మా కాలనీలో నాలుగు చుట్లు తిప్పాను. ఎంత నిమ్మళంగా వచ్చిందో.

తర్వాత శనివారం తోటకి మట్టి తెద్దామని వెళ్లాను. మట్టి ఒక క్యూబిక్ యార్డ్ అంటే తడిని బట్టి 2,000 పౌండ్లు దాటిపోతుంది కాబట్టి సగమే వెయ్యమన్నాను. లోడర్ అతను వెనక వైపు నుంచి వచ్చి బకెట్ వంచాడు. మట్టంతా ఇరుసుకి వెనకే కుప్పపడింది. ట్రక్కు వెనక భాగం కాస్త పైకి లేచినట్టు నాకు కనిపించింది కూడా. సర్దుకుంటుందిలే అనుకుని బయల్దేరాను.

హైవే ఎక్కి గంటకి 55 మైళ్ల వేగానికి వచ్చేదాకా బాగానే ఉంది. వంతెన దిగుతుంటే అద్దంలో ట్రైలర్ ఎడమకి జరిగింది, మళ్లీ కుడికి. ఎవరో తోక పట్టుకుని ఊపుతున్నట్టు. రెండో ఊపు మొదటిదాని కంటే పెద్దది, మూడోది ఇంకా పెద్దది. స్టీరింగు నా చేతిలో ఉంది కానీ ట్రక్కు నా మాట వినట్లేదు. పక్క లేనులో ఒక వ్యాను, అందులో వెనక సీట్లో పిల్లలు. ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి నాకు. బ్రేకు మీదకి వెళ్లబోయిన కాలిని ఎలా ఆపుకున్నానో తెలీదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగు కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. వేగం 40కి పడేసరికి ఊపు ఆగింది. మీకెప్పుడైనా అలా జరిగితే చెయ్యాల్సింది అదే. బ్రేకు తొక్కకూడదు, ఊపుకి ఎదురు స్టీరింగు తిప్పకూడదు.

పక్కకి ఆపుకుని, చేతుల వణుకు తగ్గాక, పార తీసుకుని మట్టిని ముందుకి ఎగదోయడం మొదలుపెట్టాను. ఆ పని చేస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు. తెనాలి దగ్గర మా ఊళ్లో నా చిన్నప్పుడు ఎడ్లబండి మీద వడ్ల బస్తాలు తోలేవాళ్లం. బస్తాలన్నీ వేశాక, ఎడ్లని కట్టబోయే ముందు నాన్న నొగ దగ్గరికెళ్లి కాడిని రెండు చేతులతో ఎత్తి చూసేవారు. తేలిగ్గా లేస్తే "వెనక్కి మొగ్గింది, ఒక బస్తా ముందుకి లాగండ్రా" అనేవారు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింది పట్టెడ బిగుసుకుని ఎడ్లకి ఊపిరాడదు. ముందు మరీ ఎక్కువైతే మెడ మీద పుండు పడుతుంది. రెండూ కాకుండా కాడి మీద కాస్తంత బరువు నిలిచి ఉండాలి. అమెరికాలో దీన్నే టంగ్ వెయిట్ అంటారు, ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్కు వెనక కప్లర్ కూర్చునే బంతి కొక్కెం) మీద పడాలంటారు. మా నాన్నకి శాతాలు తెలియవు, చేతులకి తెలుసు. అది కళ్లారా చూసి పెరిగిన నేను ఇరుసుని మధ్యలో పెట్టాను.

ఇంటికొచ్చాక మట్టి సమంగా సర్ది కొలిచాను. ఇంట్లో బరువు చూసుకునే మిషనుతోనే కొలవచ్చు. ఒక బలమైన దుంగ తీసుకుని ఒక కొనని ఇటుక మీద, మూడడుగుల అవతల రెండో కొనని మిషను మీద పెట్టండి. కప్లర్ బరువు ఇటుక నుంచి ఒక అడుగు దూరంలో దుంగ మీద ఆనాలి. మిషను చూపించిన అంకెని మూడుతో గుణిస్తే హిచ్ మీద పడే బరువు వస్తుంది. నాకు 80 పౌండ్లే వచ్చింది. ఖాళీ ట్రైలర్ 600, మట్టి 1,100, మొత్తం 1,700. అంటే కనీసం 170 ఉండాలి.

వెల్డింగ్ చేసిన బ్రాకెట్లన్నీ గ్రైండర్‌తో కోసేసి ఇరుసుని 10 అంగుళాలు వెనక్కి, ముందు నుంచి 58 దగ్గరికి జరిపాను. పొడవులో 60 శాతం ముందు, 40 శాతం వెనక అన్న లెక్క అది. తర్వాత 50 పౌండ్ల ఇసుక బస్తాలు 22 వేసి కొలిస్తే మిషను 73 చూపించింది, అంటే 219. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క ఊపు లేదు. కాబట్టి ముందు కాగితం మీద మీరు ఏమేం తోలతారో రాసుకోండి, వాటి బరువు రాసుకోండి, ఇరుసు చోటు గీసుకోండి. స్టీలు కొనడం ఆ తర్వాతే.

ఇరుసు బిగించేటప్పుడు ఇంకొకటి. కప్లర్ మధ్య నుంచి ఇరుసు రెండు కొసలకీ టేపు పట్టి చూడండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. నాకు మొదటిసారి ముప్పావు అంగుళం తేడా ఉంది, ఒక టైరు అంచు కొన్ని నెలల్లోనే అరిగిపోయింది. ఫ్రేముకైతే మూల నుంచి మూలకి కొలవండి, రెండూ సమానమైతే మూలమట్టంగా ఉన్నట్టే.

వైరింగు గురించి నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు వైర్ల ప్లగ్గులో తెల్లది గ్రౌండు (కరెంటు తిరిగి వెళ్లే దారి), గోధుమరంగుది వెనక దీపాలకి, పసుపు ఎడమకి, ఆకుపచ్చ కుడికి. అంతే, పిల్లలు కూడా చెయ్యగలరు. కానీ సగం మంది తెల్ల వైరుని ఫ్రేముకి సరిగ్గా బిగించరు, హిచ్ బంతి ద్వారా గ్రౌండు అందుతుందిలే అని వదిలేస్తారు. బంతికి గ్రీజు పూస్తారు, తుప్పు పడుతుంది, వాన పడగానే లైట్లు మిణుకుమిణుకుమంటాయి. వెనక వచ్చేవాడికి మీరు ఆగుతున్నారో తిరుగుతున్నారో తెలీదు. రంగు గీకి, మెరిసే స్టీలు మీద బోల్టుతో బిగించండి. సేఫ్టీ చెయిన్లు కప్లర్ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెయ్యాలి. కప్లర్ ఊడితే నేల మీద పడకుండా వాటి ఒళ్లో పడుతుంది. రోజూ హైవే మీద నేలకి రాసుకుంటూ నిప్పులు రాలుస్తున్న చెయిన్లు చూస్తుంటాను, కోపం ఆగదు. గాల్వనైజ్డ్ పైపు మిగిలింది కదా అని దాన్ని వెల్డింగ్ చెయ్యకండి, జింకు పొగకి ఆ రాత్రి చలి జ్వరం వచ్చి పడుకుంటారు.

3,500 పౌండ్లు మోసే యాక్సిల్ తీసుకోండి. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 దాటితేనే ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి, మీకు ఆ అవసరం రాదు. ఇంట్లో చేసినదానికి రిజిస్ట్రేషను ఎలాగో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ముందే అడగండి, స్టీలు బిల్లులు ఒక్కటీ పారెయ్యకండి.

ముందుగా మీ ట్రక్కుని చదును నేల మీద పెట్టి, హిచ్ నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో కొలిచి ఇక్కడ రాయండి. మీరు తోలబోయే వాటి జాబితా కూడా రాస్తే ఇరుసు ఎక్కడ పెట్టాలో నేను లెక్క కట్టి చెప్తాను.