ముల్లంగి మీద నల్లపురుగు గొంగళిపురుగు కాదు

ప్రశ్న: మాస్టారూ, మేడ మీద కుండీల్లో ముల్లంగి వేశాను. ఆకుల నిండా నల్లటి పురుగులు. వేలు తగిలితే చుట్టుకుని కింద పడిపోతున్నాయి. షాపులో గొంగళిపురుగులని చెప్పి బీటీ అనే బ్యాక్టీరియా మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇవి రంపపు ఈగ పిల్లలని, కాండం కూడా తొలిచేస్తాయని పక్కింటివాళ్లు అంటున్నారు. నా గులాబీల గురించి టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు దాని కాళ్లు లెక్కపెట్టండి. జువాలజీ చెప్పినన్నాళ్లూ పిల్లల చేత నేను మొదట చేయించింది ఇదే. గొంగళిపురుగుకు ముందువైపు మూడు జతల అసలు కాళ్లు, వెనక పొట్టకాళ్లు, అంటే పొట్ట కింది మెత్తటి బుడిపెలు, మహా అయితే అయిదు జతలు. మీ ముల్లంగి పురుగుకు పొట్టకాళ్లే ఎనిమిది జతలుంటాయి. ఇది ఆవ రంపపు ఈగ పిల్ల. మీకిచ్చిన బీటీ మందు పనిచేసేది సీతాకోకచిలుకల, వాటిని పోలిన రెక్కల పురుగుల పిల్లల మీద, అంటే గొంగళిపురుగుల మీద. దీన్ని ఏమీ చేయదు. అందుకే మీ డబ్బు వృథా అయింది, నాకు బాధగా ఉంది.

పేరుకు ఈగే గానీ ఈగ కాదు. ఈగకు రెండు రెక్కలు, దీనికి నాలుగు. తేనెటీగ, కందిరీగ, చీమ దీని చుట్టాలు. ఆ వంశంలో ఇది పాత శాఖ. అందుకే కందిరీగకున్న సన్నటి నడుము దీనికి లేదు, కుట్టదు కూడా. తల్లి ఒంటి చివర చిన్న రంపం ఉంటుంది. దాంతో ఆకు అంచును చీల్చి గుడ్డు పెడుతుంది.

కాండం తొలిచేవి దీని దాయాదులు. ఉత్తర అమెరికాలో ఒక రకం గోధుమ కాండంలో పెరిగి, చివరికి మొదలు దగ్గర లోపలి నుంచి కోసేస్తుంది, చేను పడిపోతుంది. ఇంకో రకం పైన్ చెట్టులో గుడ్డుతో పాటు బూజును కూడా దింపుతుంది. ఐరోపా నుంచి వెళ్లి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పైన్ తోటలను అది చాలా ఏడిపించింది. లోపలే బతుకుతాయి కాబట్టి ఈ పిల్లలకు పొట్టకాళ్లు ఉండవు. నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే.

మీ పురుగు ఆకు తినేదే. ఆవ, ముల్లంగి, క్యాబేజీ జాతి మొక్కలే దాని తిండి, గులాబీ జోలికి రాదు. ఉదయం, సాయంత్రం మొక్క కింద పళ్లెం పట్టి దులపండి. చుట్టుకుని రాలినవాటిని సబ్బునీళ్లలో వేయండి. ఇది మట్టిలోనే గూడు కట్టుకుంటుంది. పంట తీశాక పైమట్టి తిరగేసి ఎండనివ్వండి.