‘తర్వాత ఏమైంది?’ అని అడిగే మనిషి ఉంటే చాలు

మీ ప్రశ్న చదివాను. రోజుకు వెయ్యి పదాలు రాయాలని కొత్త సంవత్సరం నాడు అనుకున్నారు, సంక్రాంతి దాటేసరికి ఆగిపోయింది, మళ్లీ రాయాలనే ఉత్సాహం ఎట్లా తెచ్చుకోవాలి అని అడిగారు.

నన్నడిగితే మీకు ఉత్సాహానికేం తక్కువ లేదు. మీరు రాసింది అడిగేవాళ్లు లేరు, అంతే. చిట్టీ డబ్బులు కట్టకపోతే పొద్దున్నే ఫోన్ వస్తుంది. కథ రాయకపోతే ఎవరు చేస్తారు? వెయ్యి పదాలు అని మీకు మీరే పెట్టుకున్నారు, మీకు మీరే మాఫీ చేసుకున్నారు. దీనికోసం మోటివేషన్ వీడియోలు చూడకండి. గంట వీడియో చూసిన మనిషి లేచి పెన్ను పట్టుకోడు, ఇంకో వీడియో పెట్టుకుంటాడు.

మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఒక యాసంగి (రబీ) పంటప్పుడు నాన్నకు మోకాళ్లు పట్టేశాయి, నాకేమో ఎండాకాలం సెలవులు. దాంతో వడ్ల కొనుగోలు కేంద్రంలో కుప్ప దగ్గర కాపలా నా మీద పడింది. ఆ పని తెలియనివాళ్లకు చెబుతున్నాను: తేమ పదిహేడు శాతానికి దిగేదాకా వడ్లు ఎండబోయాలి. పొద్దున కుప్ప మీది టార్పాలిన్ పట్టాలు తీసి, కాళ్లతో సాళ్లు తీసుకుంటూ తిరగేయాలి. వడ్లల్లో నడిచి నడిచి వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. తేమ మిషన్ పదిహేడు చూపించేసరికి సాయంత్రం మబ్బు పడుతుంది, మళ్లీ పట్టాలు కప్పాలి. మబ్బు లేని నాడు గన్నీ సంచులుండవు. సంచులు ఉంటే లారీ ఉండదు. (బస్తాకు తరుగు పేరుతో తూకంలో ఎంత కోత పెట్టారో మాత్రం అడగకండి. అది మొదలుపెడితే మీ ప్రశ్న పక్కకు పోతుంది.)

పక్క కుప్ప ఒక పెద్దాయనది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నాగార్జునసాగర్ డ్యామ్ కట్టేటప్పుడు చిన్నపిల్లగాడిగా తల్లి వెంట పనికి పోయాడట. 1955లో నెహ్రూ పునాది రాయి వేసిన ఆ డ్యామ్ నుంచి కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. మధ్యలో రాయి మోసినవాళ్ల లెక్క ఎవరికి కావాలి? నేను పిల్లలకు ఆ పాఠం రెండు తేదీలతో చెప్పి ముగిస్తాను. పాఠం పుస్తకంలో ఉన్నది అంతే. ఈయన మాత్రం తల్లి తట్ట గురించి, తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టబట్ట గురించి, కూలి పంచేటప్పుడు జరిగే కొట్లాటల గురించి చెబుతూనే ఉన్నాడు. ఫోన్‌లో చార్జింగ్ లేక, ఇంకేం తోచక, బ్యాగులో ఉన్న నోటుబుక్కులో అవన్నీ రాసుకున్నాను.

మర్నాడు రాత్రి టార్చి వేసుకుని చదువుకుంటుంటే పెద్దాయన లేచి వచ్చాడు. “ఏం రాస్తున్నవ్ సారు, తరుగు లెక్కనా?” అన్నాడు. కాదు, నీ కథే అన్నాను. “ఏదీ, సదువు.” చదివాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఆపాడు. “గట్ల గాదు. మా అమ్మ తట్ట కింద పెట్టలే. పెడితే కూలి కోస్తరు. నెత్తి మీద ఉండంగనే నీళ్లు తాగింది. మంచిగ రాయి.”

ఆ తర్వాత ప్రతి రాత్రీ అదే తంతు. పట్టాలు కప్పడం అయిందో లేదో, వచ్చి బస్తాల మీద కూర్చునేవాడు. “నిన్న ఏడ ఆపినవ్? ఆడికెళ్లి సదువు.” చుట్టుపక్కల కుప్పలవాళ్లూ చేరారు. బీహార్ నుంచి వచ్చిన హమాలీ పిల్లలు ఇద్దరు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పెద్దాయన ముఖం చూసి నవ్వేవాళ్లు. రాత్రికి వీళ్లు అడుగుతారు కాబట్టి మధ్యాహ్నం ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ కింద నీడలో పడుకుని రాసేవాడిని. చెమటకు కాగితం తడిసి పెన్ను పడేది కాదు. అయినా రాశాను. అప్పుడు నాకున్న లక్ష్యం ఒక్కటే: పెద్దాయన వడ్లు కాంటా (తూకం) అయి లారీ ఎక్కేలోపు కథ పూర్తి కావాలి. కేంద్రంలో అందరూ లారీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే, ఆయన లారీ ఇంకో రోజు ఆలస్యమైతే బాగుండని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఈ మాట ఆయనకు తెలిస్తే తన్నేవాడు.

లారీ వచ్చింది, ఆయన బస్తాలు ఎక్కాయి. పోతూ పోతూ “ఆ కాగితాలు ఇయ్యి, మా మనవరాలితోటి మల్ల సదివించుకుంట” అన్నాడు. చింపి ఇచ్చేశాను.

సాహిత్య సభలు ఈ పని చేయలేవా అంటారేమో. మా దగ్గర సభ అంటే వేదిక మీద పన్నెండు మంది, కింద పది మంది. శాలువాలు కప్పడానికి గంట. కవిత చదివినవాళ్లు తమ వంతు కాగానే ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి పోతారు. అక్కడ ‘అద్భుతం’ అంటారు గానీ ‘తర్వాత ఏమైంది’ అనరు.

నా మాట కొత్తదేం కాదు. మా నల్లగొండ నుంచి 1922లోనే షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ‘నీలగిరి’ వారపత్రిక నడిపారు. వారపత్రిక అంటే వారం తిరిగేసరికి ప్రెస్సులో కాగితం కోసం ఒకడు చేయి చాపి నిలబడతాడు, ఉత్సాహం ఉందా లేదా అని చూడడు. పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డినే తీసుకోండి. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, గోలకొండ పత్రిక నడుపుతున్న ఆయన ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి చూపించాడు. ఆయన అడగకపోతే అందులో సగం పద్యాలు ట్రంకు పెట్టెల్లోనే చెదలు పట్టేవని నా నమ్మకం. రుజువు చూపించమంటే నా దగ్గర లేదు, నమ్మకం మాత్రం గట్టిది.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. మా మేనత్త హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఏడో అంతస్తులో ఉంటుంది, పొద్దుపోదు. ఆదివారం పొద్దున ఆమెకు ఫోన్‌లో చదివి వినిపించాలి, అది కొత్తదై ఉండాలి. పదాల లెక్క లేదు. శనివారం రాత్రి పదకొండుకు కూర్చున్నా సరే, రాయక తప్పదు. ఆమె దిద్దుబాట్లు ఏ ఎడిటరూ చేయలేడు. ఒకసారి మబ్బుల మీద పెద్ద పేరా రాసి మురిసిపోతూ చదివితే, “మబ్బులు సరే అల్లుడా, వాన పడ్డదా లేదా?” అంది. ఆ పేరా కొట్టేశాను, కథ బాగుపడింది.

మీరు వెతుక్కునే మనిషి మాత్రం రచయిత కాకూడదు. రచయితకు మీ కథ వింటుంటే తన కథ గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా వద్దు. మా ఆవిడ కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకుంటూనే ‘బాగుంది’ అంటుంది.

మీరు రాస్తున్నది కథలా, డైరీనా అన్నది ప్రశ్నలో లేదు. ఏదైనా ఫరవాలేదు. అడిగే మనిషి ఎవరూ దొరకకపోతే మొదటి పేజీ ఇక్కడే కింద పెట్టండి. వచ్చే ఆదివారం అత్తతో మాట్లాడాక వచ్చి చూస్తాను. కనిపించకపోతే సోమవారం స్కూల్ ఇంటర్వెల్‌లో మళ్లీ అడుగుతాను.