నర్సింగ్ ఆపేసి మిషనరీగా వెళ్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. దేవుడు పిలిచాడట. కోర్సు ఆపేసి, ఏడాది బైబిల్ ట్రైనింగ్ చేసి, ఒడిశా గిరిజన ప్రాంతానికి మిషనరీగా వెళ్తానంటోంది. వద్దంటే దేవుడి పనికి అడ్డం పడినట్టవుతుందేమో, సరేనంటే పిల్ల బతుకు ఏమవుతుందోనని భయంగా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, పిలుపు నిజమా కాదా అన్నది మీ అమ్మాయి, మీ సంఘ పెద్దలు కలిసి ప్రార్థించి తేల్చుకోవాల్సిన మాట. కోర్సు మాత్రం ఆపనివ్వకండి. గుంటూరు వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, కుగ్లర్ ఆసుపత్రిని నిలబెట్టిన అమెరికా మిషనరీ అన్నా కుగ్లర్ 1883లో వచ్చింది డాక్టర్ పట్టా చేతబట్టుకునే.

ఒడిశా రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954 నుంచి నడుస్తున్న క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. అలాంటి చోట కావలసింది మలేరియా జ్వరాన్ని, కాన్పు కష్టాన్ని వేళకు గుర్తుపట్టే నర్సు. డిగ్రీ అయ్యాక ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఒడిశాలో పనిచేయాలంటే అక్కడి కౌన్సిల్‌లోనూ నమోదు తప్పదు. చాలామంది ఈ రెండోది మరిచి, చేరాక నెలల తరబడి కాగితాల కోసం తిరుగుతుంటారు. ఒడియా ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి. అక్కడి కొండల్లో గిరిజనులు మాట్లాడే కువి భాష మన తెలుగుకు చుట్టమే, అలాగని చెవిన పడగానే వచ్చేయదు.

బైబిల్ చదువు తర్వాతైనా చేయొచ్చు. క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ కింద హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సు ఉంది. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) లాంటి సంఘాల్లో గురువుగా, అంటే పాస్టరుగా అభిషేకం పొందాలంటే మామూలుగా ఆ డిగ్రీనే అడుగుతారు, ఏడాది సర్టిఫికెట్ అక్కడికి చాలదు.

పంపే సంస్థను మాత్రం గట్టిగా నిలదీయండి. జీతం సంస్థే ఇస్తుందా, ఈమే దాతలను వెతుక్కోవాలా? పీఎఫ్, ఆరోగ్య బీమా ఉన్నాయా? ఆడపిల్లలకు బస ఎక్కడ, ఎవరి అజమాయిషీలో? జబ్బు చేస్తే ఇంటికి చేర్చేదెవరు? అన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించొద్దు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా సేవ పేరుతో విదేశీ డబ్బు తన ఖాతాలో వేయించుకోకూడదు. ఇక్కడే చాలామంది కుర్రాళ్లు తెలియక ఇరుక్కుంటారు.

చట్టం కూడా తెలిసుండాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణ మత ప్రచారానికి హక్కు ఇస్తుంది, కానీ ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. బలవంతంగా, ఆశచూపి మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశా 1967లోనే చట్టం చేసింది. మందు ఇస్తూ మతం మాట కలిపితే, అది ప్రలోభమని కేసు పెట్టే వీలుంది. రోగి తానుగా అడగనిదే వార్డులో ప్రార్థన ఎత్తకపోవడం మంచిది.

ఈ సెలవుల్లో ఏదైనా మిషన్ ఆసుపత్రికి ముందుగా ఉత్తరం రాసి, ఒప్పుకుంటే రెండు వారాలు పంపండి. రాత్రి డ్యూటీలు, అక్కడి తిండి, ఒంటరితనం చూసి వచ్చాక కూడా అదే మాట మీద ఉంటే, డిగ్రీ కాగానే రెండేళ్ల ఒప్పందంతో వెళ్లనివ్వండి.