ఉత్తరమా? జవాబా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా వీధి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "గుడి కమిటీకి నేను రాసిన ఉత్తరం ఇదిగో" అని ఒక మెసేజి పెట్టాను. ఎవరో దాన్ని తీసుకెళ్లి ఒడియావాళ్లు కూడా ఉన్న కాలనీ గ్రూపులో వేశారు. తెలుగు కాస్త అర్థమయ్యే ఒడియా మిత్రులు "కమిటీ మిమ్మల్ని ఏమడిగింది, మీరేం జవాబిచ్చారు?" అంటూ ఫోన్లు మొదలుపెట్టారు. ఒడియాలో ఉత్తరమంటే జవాబేనట. తప్పు వాళ్లదా, మాదా? ఇంకొకటి. ఒక గ్రూపు మెసేజిని మరో గ్రూపుకు పంపడాన్ని 'సందేశం మళ్ళించడం' అనవచ్చా?

సమాధానం: మీ ఒడియా మిత్రుల తప్పు లేదు. సంస్కృతంలో ఉత్తరానికి జవాబనే అర్థం ఉంది. ఒడియావాళ్లు దాన్ని అలాగే ఉంచుకున్నారు, కన్నడిగులూ అంతే. జవాబును పట్టుకుని జాబును, అంటే లేఖను, చేసింది మనం.

'ఉత్' అంటే పైన. దానికి 'తర' చేరితే మరింత పైన ఉన్నది, తర్వాత వచ్చేది. ప్రశ్న తర్వాత వస్తుంది కనుక జవాబు ఉత్తరం అయింది. దిక్కు, ఉత్తరక్రియలు, విరటుడి కూతురు అన్నీ ఈ చెట్టు కొమ్మలే కానీ వాటితో మనకిప్పుడు పని లేదు. పని ఉన్నది ఒకే ఒక్క అర్థంతో. జవాబుకు పెట్టిన పేరు, ఎవరూ ఏమీ అడగకుండానే మనంతట మనం రాసే కాగితానికి ఎలా వచ్చింది?

దూరాన ఉన్నవాళ్ల మధ్య రాతకోతలు ఒకసారి మొదలయ్యాక ప్రతి కాగితమూ అంతకుముందు వచ్చిన కాగితానికి జవాబే అవుతుంది. మొట్టమొదటిది ఎవరు రాశారో ఎవరికీ గుర్తుండదు. 'ఉత్తర ప్రత్యుత్తరాలు' అన్న జంటలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. అలా జవాబు పేరే మొత్తం తంతుకు స్థిరపడిపోయి ఉంటుందని నా నమ్మకం.

ఇది ఒక్కసారి జరిగి ఉంటే పొరపాటు వాడుక అని కొట్టిపారేయవచ్చు. తెలుగువాడు ఈ పని రెండుసార్లు చేశాడు! అరబ్బీ 'జవాబ్' పారశీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చింది. ఒక రూపాన్ని జవాబుగా ఉంచుకున్నాం. ఇంకో రూపం కుదించుకుపోయి జాబు అయింది. మరాఠీలో 'జాబ్' అంటే ఇప్పటికీ జవాబే. 'జాబ్ విచారణే' అంటే సంజాయిషీ అడగడం. మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగువాళ్లు తెలుగులో జాబు రాస్తారు, మరాఠీలో జాబ్ అడుగుతారు. మీ ఊరికి ఉత్తరంతో వచ్చిన చిక్కే వాళ్లకు జాబుతో రావాలి. మనం 'జాబుకు జవాబు' అన్నప్పుడల్లా ఒకే మాటను రెండుసార్లు పలుకుతున్నాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్నా, అరబ్బీ నుంచి తెచ్చుకున్నా మనవాడు జవాబును జాబుగానే మలుచుకున్నాడంటే అందులో ఈ భాషకు సొంతమైన తోవ ఏదో ఉంది. అది తప్పు అనడానికి నాకు నోరు రాదు.

అర్జీ మీద పై అధికారి ఇచ్చే ఉత్తర్వు కూడా ఈ ఉత్తరానికి వికృతే. అన్నట్టు, జాబుకూ జాబితాకూ చుట్టరికం కట్టేవాళ్లున్నారు. అది కుదరదు. జాబితా పుట్టిల్లు వేరు.

మీ గ్రూపుల సంగతికొస్తాను. మీ వీధివాళ్లకు ఆ కాగితం వెనకాల కథంతా తెలుసు. కాలనీవాళ్ల దగ్గరికి కథ వెళ్లలేదు, ఒట్టి వాక్యం వెళ్లింది. ఉత్తరం అన్న మాట కనిపించగానే వాళ్లు ప్రశ్న కోసం వెతికారు. అందులో వింతేముంది? దాన్ని అక్కడ వేసిన పెద్దమనిషి, ఇది ఎవరు, ఎక్కడ, ఎవరికోసం పెట్టిందో ఒక్క ముక్క చేర్చి ఉంటే మీకు ఆ ఫోన్లు తప్పేవి. భారతం ఉద్యోగపర్వంలో సంజయుడు పాండవులున్న ఉపప్లావ్యం నుంచి తిరిగొచ్చి కౌరవుల కొలువులో అర్జునుడి మాటలు వినిపించే ముందు, అవి ధర్మరాజు సమ్మతితో, కృష్ణుడు వింటూ ఉండగా అన్న మాటలని చెప్పి మరీ మొదలుపెడతాడు. మాట మోసేవాడి మర్యాద అది. ఇప్పటివాళ్లకు వేలు ఆడించడం తప్ప ఆ ఓపిక లేదు.

'మళ్ళించడం' నాకు సమ్మతం కాదు. కాలవ నీళ్లు మళ్ళిస్తే పాత చేలో నీళ్లుండవు. నిధులు మళ్ళించారని పేపర్లు రాస్తే అసలు పనికి డబ్బు లేకుండా పోయిందని అర్థం. మీ మెసేజి మొదటి గ్రూపులో ఉన్నచోటే ఉంది కదా, ఇంకెక్కడి మళ్ళింపు? 'ముందుకు పంపడం' ఇంకా అన్యాయం. ఇంగ్లీషు 'ఫార్వర్డ్'లో ముందు ఉందని తెలుగులోనూ ముందుకు తోసేయడమేనా? ఎవరి ముందుకు? 'దాటించడం' బాగానే ఉంటుంది కానీ, నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు దాన్ని 'దాటవేయడం' చేస్తారు. అప్పుడు అర్థం తలకిందులవుతుంది.

నా మొగ్గు 'చేరవేయడం' వైపు. చేరవేసేవాడు వేరు, చెప్పినవాడు వేరు అన్న సంగతి ఆ మాటలోనే తెలుస్తుంది. అయితే పోలీసులకు సమాచారం చేరవేశాడంటూ పత్రికలు దానికి కాస్త గూఢచారి వాసన అంటించాయి కనుక, ఇదొక్కటే సరైనదని పట్టుబట్టను. చేరవేసే వస్తువుకు 'సందేశం' కంటే 'కబురు' నయం. అరబ్బీ ఖబర్ నుంచే వచ్చినా ఏనాడో మనదైపోయింది. మీ పక్కింటి ఒడియావారికీ 'ఖబర' తెలుసు. బహువచనం దగ్గర మాత్రం జాగ్రత్త. కబురు పని మీద వెళ్తుంది, కబుర్లు కాలక్షేపానికి.

ఇక 'ఫార్వర్డ్ చేశాను' అంటే కోప్పడతానా? పర్లాకిమిడివారితో వాడుక మాట మీద తగువు పెట్టుకునే ధైర్యం నాకు లేదు. గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా చేరి, సవరలనే గిరిజనులు మాట్లాడే మాటను సవరల దగ్గరే నేర్చుకున్న ఊరు అది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. జనం నోట నిలిచిన మాటకే ఆయన ఓటు వేసేవారు. నోటితో అనేటప్పుడు ఫార్వర్డ్ అనండి, రాసేటప్పుడు చేరవేశాను అని రాసి చూడండి. ఒడియావాళ్లున్న గ్రూపులో మాత్రం ఉత్తరం బదులు 'చిఠి' అనండి. మన చీటీకి అది దగ్గరి చుట్టమే.