నబాటియన్లు ఎలా బతికారో సమాధి గుమ్మాల మీదే రాసి ఉంది

మీ ప్రశ్న: "హెగ్రా, పెట్రాలలో నబాటియన్లు సమాధులు తప్ప ఇంకేం మిగల్చలేదు కదా, వాళ్ల సమాజం గురించి ఎలా తెలుస్తుంది?"

నబాటియన్లంటే రెండు వేల ఏళ్ల కిందట ఎడారి వ్యాపారంతో రాజ్యం ఏలిన అరబ్బు జనం. వాళ్ల రాజధాని పెట్రా నేటి జోర్డాన్‌లో, హెగ్రా పట్టణం సౌదీలో ఉన్నాయి. సౌదీలోని యాన్బులో పనిచేసినప్పుడు హెగ్రాకు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి నేనూ మీలాగే అనుకుని, ఫొటోలు దిగి వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు గైడ్ (అక్కడ వాళ్లను రావీ అంటారు) ఒక సమాధి గుమ్మం పైనున్న పలక చూపించి, అందులో ఏం చెక్కారో చెప్పింది. వింటుంటే నవ్వొచ్చింది. మా నాన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసేవారు. అచ్చం అదే ధోరణి!

ఎవరు కట్టించారు, ఎవరెవరిని ఇందులో పూడ్చవచ్చు, వారసులెవరు, అన్నీ వరసగా ఉంటాయి. అమ్మకూడదు, కొనకూడదు, తాకట్టు పెట్టకూడదు. మీరితే దుషరా దేవుడి శాపం తగులుతుంది. మన పాత శాసనాల చివర "గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడు" అని ఉంటుంది చూడండి, ఆ బాపతే. కానీ వీళ్లు పక్కా వ్యాపారులు, శాపంతో సరిపెట్టుకోలేదు. జరిమానా కూడా రాశారు. కొన్నింటిలో దేవుడికి వెయ్యి, రాజుకు వెయ్యి సెలాలు (అప్పటి వెండి నాణేలు) కట్టాలని ఉంది. ఒకదానిలోనైతే దీని నకలు గుడిలో పెట్టామని రాసుకున్నారు. రాతి మీద చెక్కింది చాలదన్నట్టు ఆఫీస్ కాపీ!

నాకు బాగా నచ్చింది కమ్కమ్ సమాధి. క్రీ.పూ. 1 నాటిది. ఆవిడా, ఆవిడ కూతురు కులైబత్ కలిసి తమకోసం, తమ సంతానం కోసం కట్టించుకున్నారు. మగవాళ్ల అనుమతి ప్రసక్తే లేదు. పైగా కమ్కమ్‌ను తల్లి పేరుతోనే పరిచయం చేశారు. ఇలా ఆడవాళ్ల పేరున ఉన్న సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి. అప్పటి రాజు నాలుగో అరెటాస్ నాణేల మీద రాణి బొమ్మ కూడా పక్కనే ఉంటుంది.

పెట్రాలో కొన్నాళ్లున్న తన మిత్రుడు చెప్పిన మాటలను అప్పటి గ్రీకు రచయిత స్ట్రాబో రాసిపెట్టాడు. అక్కడ కోర్టు గొడవలన్నీ బయటి నుంచి వచ్చినవాళ్లవేనట, ఊరివాళ్లు ఒకరి మీద ఒకరు దావాలు వేసుకోరట. ఇంత పకడ్బందీగా కాగితాలు రాసుకున్నాక గొడవలెందుకొస్తాయి అనిపించింది నాకు. ఆస్తి పెంచినవాడికి గౌరవం, తగలేసినవాడికి జరిమానా అని కూడా రాశాడు. విందులకు పదమూడేసి మంది కూర్చునేవారు, ఇద్దరు పాటగాళ్లు ఉండేవారు. రాజు ఇచ్చే విందుల్లో కూడా ఎవరూ పదకొండు గిన్నెలకు మించి తాగేవారు కాదు. హెగ్రాలో జబల్ ఇత్‌లిబ్ కొండను తొలిచిన దీవాన్ అనే గదిలో మూడు వైపులా రాతి అరుగులు చూశాక ఈ విందు మాట నాకు కళ్లకు కట్టింది.

అదే జనం అంతకు మూడు వందల ఏళ్ల ముందు మద్యం తాగడం, ఇల్లు కట్టడం, గింజ విత్తడం నిషేధించుకున్నారట, తప్పితే మరణశిక్షేనట! ఇది డియోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాసిన మాట. దక్షిణ అరేబియా నుంచి గాజా రేవుకు వెళ్లే ధూపద్రవ్యాలు, బోళం మీద వచ్చిన డబ్బు మనుషుల్ని ఎంత మార్చిందో చూడండి. క్రీ.శ. 106లో రోమన్లు రాజ్యాన్ని కలిపేసుకున్నారు, అది వేరే కథ.

ఒక్క విషయం మర్చిపోవద్దు. ఇవన్నీ డబ్బున్నవాళ్ల కాగితాలు. సేనాధికారులు, ఒక వైద్యుడు, అలాంటివాళ్లు. చెక్కిన సమాధులు వందకు పైగా ఉన్నా, రాత ఉన్నవి ముప్పై చిల్లరే. ఒంటెల వెంట నడిచినవాళ్లకు గుమ్మమూ లేదు, పలకా లేదు. జనం కాపురమున్న మట్టి ఇళ్ల ఊరు సమాధుల మధ్య మైదానంలో ఇసుక కింద ఉంది. మా బస్సు అటు వెళ్లనే లేదు.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "సాక్షుల సంతకాలున్నాయా?" అని అడిగారు. సాక్షుల సంగతి గైడ్ చెప్పలేదు గానీ కొన్నింటి చివర చెక్కిన శిల్పి పేరు ఉందన్నాను.

"అయితే లేఖరి సంతకం ఉందన్నమాట," అన్నారు.